పూర్వకాల తనిఖీ

నక్కలదిన్నె హైస్కూలుకు బదిలీ కాకపోయి ఉంటే వకుళ టీచరు కారు జోలికి పోయేదే కాదు. ఆ ఊరికి పొద్దున ఒకే ఒక్క బస్సు. అది మొదటి పీరియడు సగమయ్యాక గానీ చేరదు. హెడ్మాస్టరు ఆమె పేరుకెదురుగా ఎర్ర సిరాతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టాడు. మూడు సున్నాలైతే ఒక సెలవు కోత. హిందీ పండిట్‌గా చేరిన నాటి నుంచి ఒక్క సున్నా ఎరగని మనిషికి ఆ ఎరుపు చూస్తే కడుపు మండిపోయేది.

అందుకని నలభై తొమ్మిదో ఏట డ్రైవింగు నేర్చుకుంది. నేర్చుకున్నన్నాళ్ళూ వీధిలో వాళ్ళు గేట్ల దగ్గర నిలబడి వినోదం చూశారు. భర్త గురునాథం బట్టల కొట్లో గుమాస్తా. "నీకు లైసెన్సు వస్తే నీ కాళ్ళకు మొక్కుతా" అన్నాడు. మొదటిసారికే వచ్చింది. అతను మొక్కలేదు గానీ, చిట్టీ డబ్బు కారుకు వాడుకోమని మాత్రం అన్నాడు. ఆ డబ్బుకు పాత కారే వస్తుంది. అదీ బాగా పాతది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వానికి పాత కార్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత బండ్లు కొని జనం మోసపోతున్నారని ఎవరో పెద్దమనిషి ఒక సభలో కన్నీళ్ళు పెట్టుకున్నాడట. నెల తిరక్కుండా 'వాహన పూర్వచరిత్ర మండలి' వెలిసింది. గోడలనిండా 'కారును కాదు, చరిత్రను కొనండి' అని రాయించారు. ఊరేగింపులు తీశారు. బళ్ళలో వ్యాసరచన పోటీలు పెట్టారు. ఆ పోటీకి వకుళ న్యాయనిర్ణేత. అశోక చక్రవర్తి కూడా తన రథాన్ని తనిఖీ చేయించాకే కళింగకు బయల్దేరాడని రాసిన పిల్లవాడికి మొదటి బహుమతి ఇమ్మని పైనుంచి ఫోనొచ్చింది. ఇచ్చింది.

ఏ పాత బండి చేతులు మారాలన్నా, మొదటి ఏడాది నుంచి ఇవాళ్టి దాకా దాని తనిఖీల చరిత్ర ఎక్కడా తెగకుండా ఉందని మండలి ధ్రువీకరించాలి. అది కొత్త నిబంధన. వకుళకు అది ఎంతో నచ్చింది. ఆమె వంకాయను కూడా నాలుగువైపులా తిప్పి చూసి గానీ సంచిలో వేయదు. తనలాంటి వాళ్ళు ప్రభుత్వంలో కూడా ఉన్నారన్నమాట అనుకుని సంతోషించింది.

స్టేషను ఎదురుగా లాడ్జి నడిపే ఆదిశేషయ్య దగ్గర కారు ఉందని తెలిసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళారు.

"పదిహేడేళ్ళ బండంటే ఎవరూ నమ్మరండీ టీచరుగారూ" అన్నాడు ఆదిశేషయ్య, బట్టతల తుడుచుకుంటూ. "మొదట లాడ్జికి టాక్సీగా తిప్పాను. అప్పుడు తెల్లరంగు. తర్వాత సొంతానికి మార్పించి ఈ మెరూను వేయించా. టైర్లు కొత్తవి. బ్రేకులు పోయిన నెల్లోనే వేయించా. మీరే తొక్కి చూడండి."

వకుళ బైపాసు దాకా నడిపింది. బ్రేకు తొక్కింది. టీచరు లోపలికి అడుగుపెట్టగానే క్లాసు నిలబడ్డట్టు కారు ఠక్కున నిలబడింది. ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఈ మెరూను కారులో నక్కలదిన్నె గేటు ముందు దిగుతున్నట్టు, చూసేవాళ్ళు చూస్తున్నట్టు ఊహించుకుంది కూడా.

"బండి బాగుంది. కానీ చరిత్ర చూడాలి" అంది దిగుతూ.

"చరిత్రేందమ్మా, బండి ఎదురుగా ఉంటే!"

"అదే నేనూ అంటున్నా" అన్నాడు గురునాథం. "పెళ్ళిచూపుల్లో నా చరిత్ర అడిగావా నువ్వు?"

"అడగకే ఇట్టా అయింది" అంది వకుళ.

అడ్వాన్సు ఇచ్చి, మర్నాడు ఆదిశేషయ్యను వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్ళింది. ఏటా బండ్లు తనిఖీ చేసే పాత ఆఫీసుకే కొత్త బోర్డు కట్టారు.

చరిత్రాధికారి పేరు త్రిపురాంతకం. సఫారీ సూటు, దాని జేబుకు నాలుగు పెన్నులు. ఆయన కారు ఫైలును పురాణం చదివినట్టు మొదటి పేజీ నుంచి తల ఊపుతూ చదివాడు. ప్రతి ఏటా 'సంతృప్తికరము' అని ఉంది. ఒకచోట ఆగిపోయాడు. పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, ఈ వాహన చరిత్రయందు ఒక శూన్యము కలదు. రెండువేల పదమూడు లేదు."

"ఆ ఏడు కూడా తెచ్చానండీ" అన్నాడు ఆదిశేషయ్య. "పాస్ చేశారు. అద్దానికి స్టిక్కరు కూడా అంటించారు."

"చేసి ఉండవచ్చును. కాని చేసినట్లు దాఖలా లేదు. దాఖలా లేని తనిఖీ జరగని తనిఖీ."

"మరి ఆ దాఖలా ఏమైందండీ?"

"ఏమైనదో దానికిని దాఖలా లేదు."

వకుళ కల్పించుకుంది. "సార్, ఆ తర్వాత ఇన్నేళ్ళూ మీవాళ్ళే చూసి బాగుందన్నారు గదా. ఒక్క ఏడు కాగితం లేకపోతే ఏం?"

"తమరు ఉపాధ్యాయిని. ఏడవ తరగతి చదవకనే ఎనిమిదవ తరగతిలో కూర్చున్న విద్యార్థిని తమరు అంగీకరింతురా?"

వకుళలోని టీచరు ఆ మాటకు తల ఊపేసింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

"చింత వలదు" అన్నాడు త్రిపురాంతకం. "దీనికే 'పూర్వకాల తనిఖీ' అను విధానము ప్రవేశపెట్టబడినది. లోపించిన సంవత్సరపు తనిఖీ ఇప్పుడు జరుపబడును. వాహనము మాత్రము ఆనాటి స్థితిలో హాజరు కావలెను."

"ఆనాటి స్థితంటే?"

"ఇప్పటి కారును చూచి అప్పటి కారు బాగున్నదని మేమెట్లు సంతకము చేయుదుము? అది అబద్ధము కాదా?"

ఆదిశేషయ్యకు ఒక జాబితా చేతికిచ్చారు. అప్పటికి కారు తెల్లగా ఉండేది కాబట్టి తెల్లగా ఉండాలి. పసుపు నంబరు ప్లేటు ఉండాలి. టైర్లు, బ్రేకులు ఆ కాలంలో ఎంత అరిగి ఉంటాయో అంత అరిగినవే ఉండాలి.

వారం రోజుల్లో మెరూను మీద తెలుపు పడింది. కొత్త టైర్లు ఊడదీసి పాత సామాన్ల కొట్టు నుంచి గుండు టైర్లు తెచ్చి వేశారు. మండలి గుమాస్తా ఒకడు భూతద్దం పట్టుకొచ్చి, వాటిలో ఒకటి చాలినంత అరగలేదని తేల్చాడు. దాన్ని విప్పి తారురోడ్డు మీద ఒక పూటంతా రుద్దించారు. మెకానిక్కు కొత్త బ్రేకులు విప్పుతుంటే వకుళ చూడలేక త్రిపురాంతకం గదికి పరుగెత్తింది.

"సార్, రంగంటే సరే. మంచి బ్రేకులు తీసేసి అరిగినవి వేయిస్తున్నారు. అవి పడతాయా?"

"రెండువేల పదమూడులో అట్టి బ్రేకులతో వాహనము ఆగినదా, లేదా?" అని ఆయన ఆమె వెనకే వచ్చిన ఆదిశేషయ్యను అడిగాడు.

"ఆగింది కాబట్టే ఇట్టా ఉన్నానండీ."

"అయినచో ఇప్పుడును ఆగవలెను. ఆగనిచో చరిత్ర తప్పగును." ఇక వాదన లేదన్నట్టు ఫైలు మూశాడు.

తర్వాత మీటరు వచ్చింది. తిరిగిన కిలోమీటర్లు కూడా ఆనాటివే కనపడాలన్నారు. ఆదిశేషయ్య రెండు చేతులూ జోడించాడు.

"మీటరు వెనక్కి తిప్పితే జైలండీ బాబూ! మీ గోడమీదే రాశారు గదండీ."

"పౌరుడు తిప్పిన అది నేరము. మండలి తిప్పిన అది సవరణ."

సవరణకు మనిషిని కూడా వాళ్ళే పంపారు. అతని పేరు భూషణం. బ్రోకర్ల కోసం మీటర్లు తిప్పుతూ మండలివాళ్ళకే దొరికిపోయి, బెయిలు మీద బయట తిరుగుతున్న మనిషి. జిల్లాలో ఆ పని తెలిసినవాడు ఇంకెవడూ లేకపోవడంతో, 'కాలానుగుణ సర్దుబాటు నిపుణుడు' అని పేరుపెట్టి జీతమిచ్చి పెట్టుకున్నారు. వాయిదా ఉన్న రోజున ముద్దాయిగా కోర్టుకు వెళ్తాడు. మిగతా రోజుల్లో నిపుణుడు.

"ఎంత తగ్గించమంటారు?" అని అడిగాడతను, కాఫీలో పంచదార సంగతి అడిగినట్టు. పని అయ్యాక వకుళతో మెల్లగా అన్నాడు. "ఇంతకాలం దొంగచాటుగా చేశానమ్మా, ఏనాడూ చెయ్యి వణకలా. ఇప్పుడు ఆఫీసరు పక్కన నిలబడి చేయిస్తుంటే వణుకుతోంది."

చివరికి యజమాని దగ్గరికి వచ్చారు. పాత ఫైల్లో ఆదిశేషయ్య ఫొటోకు నిండా జుట్టు, మీసం ఉన్నాయి. ఎదురుగా ఉన్న మనిషికి ఆ రెండూ లేవు. ఫొటోతో పోలిక కుదరకపోతే తనిఖీ చెల్లదన్నారు. నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్లో విగ్గూ మీసం తెచ్చుకున్నాడు. అవి పెట్టుకుని లాడ్జికి వెళ్తే, సొంత గుమాస్తానే గది కావాలా సార్ అని అడిగాడు.

వకుళ ఒకరోజు స్కూలు నుంచి తిరిగొస్తూ మండలి ఆవరణలో ఆ కారును చూసింది. పూసిన తెలుపు మీద అక్కడక్కడా మెరూను మచ్చలు తేలుతున్నాయి. గుండు టైర్ల మీద ఒకవైపుకు ఒరిగి, నెల్లాళ్ళు టైఫాయిడ్ పడి లేచిన మనిషిలా నిలబడి ఉంది. తను బైపాసు మీద నడిపిన కారు ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు. ఇదంతా నా భద్రత కోసమే చేస్తున్నారు అనుకోబోయింది గానీ ఆ మాట మనసులో కూడా పూర్తిగా రాలేదు. ఏడుపొచ్చింది.

"చాల్లే, వదిలెయ్" అన్నాడు గురునాథం ఆ సాయంత్రం. "అడ్వాన్సు వెనక్కి తీసుకుందాం పద."

అడిగితే ఆదిశేషయ్య విగ్గు సర్దుకుంటూ ఎగిరిపడ్డాడు. "ఏ అడ్వాన్సమ్మా? అది తెల్లరంగుకే చాల్లా! బండి బండిలాగా ఉండగా కొనుక్కోమంటే విన్నారా? చరిత్ర, చరిత్ర అని నన్నీ వేషంలోకి దించారు. ఇప్పుడు కొనాల్సిందే మీరు."

ఇక తనిఖీ జరిగి తీరాలి. వేరే దారి లేదు.

అది రాష్ట్రంలోనే మొట్టమొదటి పూర్వకాల తనిఖీ కాబట్టి మండలి ఆవరణలో షామియానా వేశారు. విలేకరులు వచ్చారు. గేటుకు 'రెండువేల పదమూడుకు స్వాగతం' అని గుడ్డ కట్టారు. ఆ ఏటి క్యాలెండరు ఒకటి ఎక్కడో సంపాదించి స్తంభానికి తగిలించారు. ఆవరణలో సిమెంటు ఏటవాలు ఒకటి ఉంది. బ్రేకులు పరీక్షించడానికి కట్టింది. దాని దిగువన, సరిగ్గా ఎదురుగా, రికార్డుల గది. పైనుంచి బండి దిగగానే కాగితం లోపలికి చేరాలనే ముందుచూపుతో అక్కడ కట్టారట.

త్రిపురాంతకం స్వయంగా నడుపుతానన్నాడు. వకుళ ముందు సీటు తలుపు తెరవబోయింది.

"తమరికి రెండువేల పదమూడులో ఈ వాహనముతో సంబంధము లేదు. దయచేసి తాడునకు ఆవల నిలువుడు."

తాడు అవతలికి వెళ్ళింది గానీ ఊరుకోలేకపోయింది. గొంతు పెంచింది. "సార్, ఒక్క మాట! ఈ బ్రేకులు ఇవాళ పడతాయో లేదో ఎవరన్నా తొక్కి చూశారా?"

విలేకరులంతా ఇటు తిరిగారు. త్రిపురాంతకం కారు కిటికీలోంచి తల బయటపెట్టి, తెలియని పిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"అమ్మా, మాది పూర్వచరిత్ర మండలి. 'ఇవాళ' అనునది మా పరిధిలోనికి రాదు. వర్తమాన విభాగము ఇంకను మంజూరు కాలేదు."

హ్యాండ్ బ్రేకు దించాడు.

కారు మొదట మర్యాదగానే కదిలింది. సగం దూరం దిగాక లోపల ఆయన మోకాలు పైకీ కిందికీ ఆడటం అందరికీ కనిపించింది. ఆ తర్వాత "ఆగుము! ఆగుము!" అని ఆజ్ఞ వినపడింది. తర్వాత వినపడింది గోడ. కారు గోడను తోసుకుని సగానికి పైగా లోపలికి వెళ్ళిపోయింది. బీరువాలు ఒకదాని మీద ఒకటి వాలాయి. నీళ్ళ పైపు పగిలి చిమ్మింది. జిల్లాలోని బండ్లన్నిటి చరిత్రా మోకాటి లోతు నీళ్ళలో తేలుతూ గుమ్మం దాటి బయటికి వచ్చింది.

త్రిపురాంతకాన్ని నలుగురు పట్టి బయటికి లాగారు. ప్రాణానికేం ప్రమాదం లేదు, ముక్కు విరిగింది. ఆదిశేషయ్య విగ్గు తీసి నేలకేసి కొట్టి, కారు దగ్గరికి వెళ్ళి బయటికి మిగిలిన డిక్కీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పదిహేడేళ్ళు అన్నం పెట్టిన బండి. అంతవరకూ అతని మీద కోపంగా ఉన్న వకుళ కూడా ఆ క్షణం అతన్ని అడ్వాన్సు అడగలేకపోయింది.

ఇక మండలి మూతపడుతుందనుకున్నారు అక్కడున్నవాళ్ళు. త్రిపురాంతకం మాత్రం ముక్కుకు తువ్వాలు అదుముకుని షామియానా కింద కుర్చీలో కూర్చుని, గుమాస్తాను పిలిచి చెప్పి రాయించడం మొదలుపెట్టాడు.

"తనిఖీ సమయమున వాహనము రెండువేల పదమూడులో ఉన్నది. కావున ప్రమాదము కూడ రెండువేల పదమూడులో జరిగినట్లు నమోదు చేయవలెను. రాసితివా?" ఒక్క క్షణం ఆగాడు. తువ్వాలు వెనక ఆయన కళ్ళు వెలిగాయి. "ఇంకను రాయుము. ఆ సంవత్సరమున ఈ వాహనము రికార్డుల గదిని ఢీకొన్నందున, ఆ సంవత్సరపు రికార్డు నశించినది. శూన్యమునకు కారణము లభించినది. చరిత్ర సంపూర్ణము."

మండలి సిబ్బంది చప్పట్లు కొట్టారు. విలేకరుల్లో ఇద్దరు కూడా కొట్టారు. అక్కడికక్కడే బంగారు అంచు ధ్రువపత్రం తెచ్చి వకుళ చేతిలో పెట్టారు.

"ఇక తమరు నిశ్చింతగా కొనవచ్చును" అన్నాడు త్రిపురాంతకం.

"ఏం కొనను సార్?" అంది వకుళ. గోడలోంచి బయటికి కనిపిస్తున్నవి డిక్కీ, రెండు వెనక టైర్లు మాత్రమే.

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

వారం తిరిగేసరికి ఆదిశేషయ్యకు నోటీసు వచ్చింది. రెండువేల పదమూడులో ప్రభుత్వ భవనాన్ని కూల్చినందుకు నష్టపరిహారం కట్టాలట. అప్పటినుంచి ఇప్పటిదాకా వడ్డీతో సహా. అతను కోర్టుకెక్కాడు. అక్కడ వరండాలో వాయిదాకు వచ్చిన భూషణం కనిపించి, మంచి వకీలు పేరు చెప్పాడట.

అడ్వాన్సు మాత్రం వకుళ వదల్లేదు. రోజూ సాయంత్రం లాడ్జికి వెళ్ళి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, గది కోసం వచ్చిన ప్రతి మనిషికీ ఆ కారు చరిత్ర మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. టీచరు కంఠం. రెండంతస్తుల దాకా వినపడేది. మూడోరోజు ఆదిశేషయ్య కిందికి దిగొచ్చి డబ్బు చేతిలో పెట్టి, "ఇక చాలమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

ఆ డబ్బుకు మిగిలిన చిట్టీ డబ్బు కలిపి ఆమె ఇంకో పాత కారు కొంది. కొనేముందు మెకానిక్కును తీసుకెళ్ళి కింద దూరి చూడమంది. బ్రేకు పదిసార్లు తొక్కింది. మండలి కాగితం తేవడం పెద్ద పనేం కాలేదు. రికార్డులన్నీ నానిపోయాయి కదా, ఇప్పుడు ఏ బండి చరిత్ర అడిగినా వాళ్ళు ఒకే అచ్చు కాగితం ఇస్తున్నారు: 'రెండువేల పదమూడు నాటి ప్రమాదమున నశించినది. సంతృప్తికరము.'

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల బెల్లు వేళకు త్రిపురాంతకం నక్కలదిన్నె స్కూలుకు వచ్చాడు. ముక్కుమీద పెద్ద కట్టు. ఆ ఎండలో బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, సఫారీ తడిసి వీపుకు అంటుకుపోయింది. వరండాలో వకుళను చూడగానే చేతిలోని కాగితాలు ముందుకు చాచాడు.

ముక్కు ఆపరేషను ఖర్చు కోసం ఆయన పెట్టుకున్న బిల్లు తిరిగొచ్చింది. పైఆఫీసువాళ్ళు ఎర్ర సిరాతో రాశారు: 'ప్రమాదము రెండువేల పదమూడున జరిగినట్లు తమరి నివేదికయే తెలుపుచున్నది. ఆ సంవత్సరమున తమరు వేరొక జిల్లాలో పశువుల చెవులకు బీమా బిళ్ళలు వేయించు విధులలో ఉన్నట్లు సర్వీసు పుస్తకము. కావున ఇచ్చట తమరి ముక్కు విరుగుట అసంభవము.'

"టీచరుగారూ, మీరు కళ్ళారా చూశారు గదమ్మా" అన్నాడు. ఆయన నోట మామూలు తెలుగు వినడం ఆమెకు అదే మొదటిసారి. "నా ముక్కు మొన్ననే పగిలిందని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. మావాళ్ళు ఎవరూ పెట్టడం లేదు. పెడితే నివేదిక తప్పని ఒప్పుకున్నట్టవుతుందంటున్నారు."

వకుళ కాగితాలు చివరిదాకా చదివింది. చదివి జాగ్రత్తగా మడిచి ఆయనకే ఇచ్చింది.

"మీ నివేదిక ప్రకారం అది జరిగింది రెండువేల పదమూడులో సార్. అప్పుడు నేను వేరే మండలంలో పనిచేస్తున్నా. మీ ఆఫీసు ఎక్కడుందో కూడా ఎరగను. లేనిచోట చూశానని ఎట్టా సంతకం పెడతాను?"

"అట్టా అంటే ఎట్టాగమ్మా! నొప్పి ఇప్పుడు పుడుతోంది గదా నాకు!" ఆయన గొంతు నిజంగానే వణికింది.

ఆ వణుకు విని వకుళకు జాలి కలిగింది. హ్యాండ్‌బ్యాగు తెరిచి నొప్పి మాత్రల అట్ట తీసింది. దాని మీద తేదీ చూసి, ఒక మాత్ర తుంచి ఆయన చేతిలో పెట్టింది. తన సీసాలో నీళ్ళు కూడా ఇచ్చింది.

సంతకం పెట్టలేదు.